నలభై ఒకటో పేజీ

పోయిన వారం నేను షాంటిలీలో ఒక అద్దాల బిల్డింగ్ మూడో అంతస్తులో, లిఫ్ట్ ముందు మొండికేసి నిలబడ్డాను. "అసలు పుస్తకం చూపిస్తేనే లోపలికి వస్తాను, జిరాక్సులు చూసి చూసి నా కళ్లు పోయాయి" అన్నాను. మా అమ్మాయి రజిని నా చెయ్యి పట్టుకుని, "చూపిస్తారమ్మా, టెన్ మినిట్స్, ప్లీజ్" అంది. వారమంతా ఆ లిఫ్ట్ దగ్గరే ఉన్నానని అనుకోకండి. లోపలికి వెళ్లాను. అక్కడ జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అందుకని కాస్త ఓపిక పట్టి వినండి.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు. నా పేరు వసంతలక్ష్మి. ఉప్పల్‌లో సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు మ్యాపులు గీసి రిటైరయ్యాను. రెండువేల ఎనిమిది ఆగస్టులో, ఆరు నెలలు ఉందామని వర్జీనియాలో అమ్మాయి దగ్గరికి వచ్చాను. రజిని చరిత్రలో పీహెచ్‌డీ చేసింది. దేశాల మధ్య సరిహద్దు తగాదాలు వస్తే పాత కాగితాలు వెతికి రిపోర్టులు రాసిచ్చే కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీ అమర్‌నాథ్ అనే ఆయనది. కరీంనగర్ మనిషి, నలభై ఐదేళ్లుంటాయి, నన్ను ఆంటీ అంటాడు.

ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఒక ఎడారి తగాదా. ఎడారికి ఉత్తరాన ఒక దేశం, దక్షిణాన ఒక దేశం. పేర్లు బయటపెట్టనని రజినికి మాటిచ్చాను కాబట్టి ఉత్తరం, దక్షిణం అనే అంటాను. మధ్యలో ఫర్దా అనే బావి, దాని చుట్టూ సుహైదు తెగవాళ్లు నలభై కుటుంబాలు. 1911లో ఉత్తరం తురుష్కుల కింద, దక్షిణం ఇంగ్లీషువాళ్ల కింద ఉండేవి. కెప్టెన్ హాలోవే అనే దొర, నజీమ్ బే అనే తురుష్క అధికారి ఆ బావి పక్కన డేరా వేసుకుని పంతొమ్మిది రోజులు బేరాలాడి సరిహద్దు తేల్చారు. ఆ ఎండలో నడిచి కొలతలు తీసింది మాత్రం మద్రాసు నుంచి వెళ్లిన పద్మనాభం అనే సర్వేయరు. ఆయన కొలతలు రాసుకున్న ఫీల్డ్ బుక్కు ఈ మధ్య లండన్‌లో వేలానికి వస్తే ఉత్తర దేశం కొనేసింది. అమర్‌నాథ్ పనిచేసేది ఆ ఉత్తరానికే. బావి తమదని ట్రిబ్యునల్‌లో తేలితే అక్కడ గ్యాస్ తవ్వుకుంటారు, నలభై కుటుంబాలనూ ఖాళీ చేయిస్తారు. పుస్తకం చివర తెలుగు రాతలు ఉన్నాయి. నన్ను ఈ గొడవలోకి లాక్కొచ్చింది ఆ నాలుగు తెలుగు ముక్కలే.

కాన్ఫరెన్స్ రూమ్‌లో పెద్ద అద్దాల టేబుల్. మధ్యలో సమోసాల ప్లేటు, పుదీనా చట్నీ, పేపర్ కప్పుల్లో టీ. రజిని కారు తాళాలు ప్లేటు పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది. పొద్దున్నుంచీ దాని ముఖం ఏదోలా ఉంది. కారులో రెండుసార్లు ఏదో చెప్పబోయి రేడియో పెట్టుకుంది.

"తినండి ఆంటీ, గ్రోసరీ పక్కన ఒకాయన కొత్తగా షాపు పెట్టిండు. మనూర్ల టేస్టే ఉంటది" అన్నాడు అమర్‌నాథ్.

"పుస్తకం ఏదండీ?" అన్నాను.

"చూపిస్తా. ముందు ఒక చిన్న విషయం. ట్రిబ్యునల్ నుంచి ఎవరన్నా మీకు ఫోన్ చేయొచ్చు. చేయకపోవచ్చు కూడా. చేస్తే మాత్రం, ఆ తెలుగు రాతలు మీరే చదివిన్రా అని అడుగుతరు. అవును, వంట సామాన్ల లిస్ట్ అని చెప్పాలె. అంతే, సింపుల్."

"ట్రిబ్యునల్ నాకెందుకు ఫోన్ చేస్తుంది?"

"ఫార్మాలిటీ ఆంటీ."

ఫార్మాలిటీ అన్న మాట వినగానే నాకు చిర్రెత్తుకొస్తుంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు జరిగిన ప్రతి అన్యాయాన్నీ ఎవరో ఒకరు ఫార్మాలిటీ అనే అన్నారు. అయినా నోరు మూసుకున్నాను. వాళ్లకు ఆ రాతలు వంట సామాన్ల జాబితా అని చెప్పింది నేనే. సెప్టెంబర్‌లో రజిని ఇంటికి ఒక స్కాన్ కాగితం తెచ్చింది. బియ్యము రెండు శేర్లు, చింతపండు వీశెడు, ఎండు మిరపకాయలు అరవీశె, ఉప్పు. నాలుగే నాలుగు వరుసలు. పాపం ఎడారిలో చారు కాచుకున్నాడు కాబోలని నవ్వుకుంటూ చదివి చెప్పాను.

నన్ను పట్టి పీడిస్తున్నది ఆ జాబితా కాదు, నలభై ఒకటో పేజీ. అమర్‌నాథ్ రిపోర్టుకు ప్రాణం ఆ పేజీయే. నల్లగుట్ట అనే చోట నుంచి సరిహద్దు గీత ఏ కోణంలో వెళ్లాలో అందులో ఉంది. 217 డిగ్రీలు. ఆ కోణంలో గీత గీస్తే బావికి దక్షిణంగా పోతుంది, బావి ఉత్తరం వాళ్లకు దక్కుతుంది. జిరాక్సులో పేజీ చక్కగా, శుభ్రంగా ఉంది. నాకు నచ్చనిది ఆ శుభ్రమే.

ఎందుకో చెప్పాలంటే శేషగిరి గారి గురించి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజున మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఆయన. నా పర్సు తెరిపించి, అందులో ఉన్న రబ్బరు తీసి కిటికీలోంచి బయటికి విసిరేశారు. ఫీల్డ్ బుక్కులో చెరపడం అనేది ఉండదమ్మాయ్ అన్నారు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక గీత పెట్టాలి, కొట్టేసిన అంకె కూడా స్పష్టంగా కనబడాలి. పైన సరైనది రాసి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వెయ్యాలి. ఎండలో నిలబడి కొలిచేవాడికి తప్పులు రాకుండా ఉండవు, దాచడం ఒక్కటే నేరం అనేవారు. రబ్బరు పోయినందుకు ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. ఆ తరవాత ఇంటి పద్దులో కూడా నేను దేన్నీ చెరిపి ఎరగను.

పద్మనాభం కూడా ఆ బడిలోవాడే. ఆయన పుస్తకంలో ప్రతి పేజీలో ఒకటో రెండో కొట్టివేతలున్నాయి, పక్కన పొడి అక్షరాలున్నాయి. నలభై ఒకటో పేజీలో ఒక్కటీ లేదు. పంతొమ్మిది రోజుల్లో ముఖ్యమైన పేజీ ఒక్కటి మాత్రం ఆయన తప్పులేకుండా రాశాడట. నమ్మమంటే ఎలా నమ్మను?

"పుస్తకం చూపించండి" అన్నాను మళ్లీ.

అమర్‌నాథ్ రజిని వైపు చూశాడు. రజిని తల వంచుకుంది. ఆయన విసుగు దాచుకుంటూ బీరువాలోంచి అట్టపెట్టె తెచ్చి, తెల్ల గ్లవుజులు తొడుక్కుని, పుస్తకం నా ముందు పెట్టాడు. నాకూ గ్లవుజులు ఇచ్చాడు. తోలు అట్ట, మూలలు అరిగిపోయాయి. నా పర్సులో ఎప్పుడూ ఉండే భూతద్దం తీశాను.

నలభై ఒకటో పేజీ తెరిచి, కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకున్నాను. పాత నక్షాలు చూసేవాళ్లు ఎవరైనా అలాగే చూస్తారు. ఎదురుగా చూస్తే కాగితం ఏమీ చెప్పదు, వెలుతురు పక్కనుంచి పడితే అన్నీ చెబుతుంది. 217లో మధ్య అంకె చుట్టూ కాగితం నూగు లేచి ఉంది. కత్తితో గీకిన చోట పైపొర పోతుంది, మళ్లీ సిరా తగిలితే పాకుతుంది. ఒకటి అంకె కాలు దగ్గర సిరా అలా పాకి ఉంది. దానికి ఎడమ పక్క, భూతద్దంలో, సన్నటి ఏటవాలు గీత నీడ. నాలుగు అంకె చెయ్యి గీకేస్తే మిగిలేది ఒకటే కదా.

కింద మాత్రం పద్మనాభం సంతకం చెక్కు చెదరకుండా ఉంది.

"ఇది గీకారు" అన్నాను. "ఇది రెండు వందల పదిహేడు కాదు. రెండు వందల నలభై ఏడు."

"ఆంటీ, వందేండ్ల కిందటి పేపర్. పురుగు తిన్నదో, నీళ్లు పడ్డయో."

"పురుగు ఒక్క అంకెనే తిన్నదా అండీ?"

నేను లెక్క కట్టుకున్నాను. నల్లగుట్ట నుంచి బావి దగ్గరికి తొమ్మిది మైళ్లు. తొమ్మిది మైళ్ల దూరంలో ముప్పై డిగ్రీల తేడా అంటే నాలుగున్నర మైళ్లు పైమాటే. 247 అయితే గీత బావికి ఉత్తరంగా పోతుంది. బావి దక్షిణానిది, ఆ నలభై కుటుంబాలది.

పుస్తకం చివరికి తిప్పాను. బియ్యం, చింతపండు, మిరపకాయలు, ఉప్పు. నేను చదివిన నాలుగు వరుసలూ అలాగే ఉన్నాయి. వాటి కింద ఇంకా పదమూడు వరుసలున్నాయి. నా చేతికి ఇచ్చిన స్కాన్‌లో ఉప్పుతో కాగితం అయిపోయింది. అసలు పేజీలో ఉప్పు తరవాతే కథంతా ఉంది.

నా చదువుని అడ్డం పెట్టుకుని, నాకు పైముక్క చూపించి, నా చేతే వంట జాబితా అనిపించారు. గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అమర్‌నాథ్ "ఆంటీ, దానికి ట్రాన్స్‌లేషన్ అయిపోయింది" అంటూ చెయ్యి చాపాడు. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివాను.

"ఈ దినము సుహైదు పెద్దలు ముగ్గురు బావి వద్దకు వచ్చి ప్రమాణము చేసిరి. వేసవిలో తమ మందలు దప్ప అన్యుల మందలు ఈ నీరు త్రాగి యెరుగవనిరి. బావి రాళ్ల మీద వారి ఒంటెల ముద్రలు పదునాలుగు నేను స్వయముగా చూచితిని. వేసవిలో ఎవరు త్రాగుదురో బావి వారిదని మొదటి దినముననే ఒప్పందము గనుక దొరలిద్దరును సరే యనిరి. నల్లగుట్ట నుండి ౨౪౭. సాయంకాలము డేరాలో మాట మారినది. తంతి స్తంభములు నాటుకొనుటకు మీ భూమిలో త్రోవ యిచ్చినచో బావిని మీరే యుంచుకొనుడని మా దొరగారు తురుష్క దొరగారితో అనిరి. పెద్దలకు తెలుపలేదు. వారు బయట నిప్పు వేసుకొని కూర్చుండి యుండిరి. నన్ను పుస్తకము దిద్దుమనిరి. గీతపెట్టి కొట్టివేసి సంతకము చేయుదును గాని గీకనంటిని. దొరగారే పేనాకత్తి తీసి గీకిరి. నా సంతకము మీద వారి అంకె నిలిచినది. చదువగలవారు ఎప్పుడైన చదువుదురని ఇచ్చట వ్రాసితిని."

నాకు ఆ ముగ్గురు పెద్దలు కళ్ల ముందు కనబడ్డారు. ప్రమాణం చేసి, తమ మాట నిలిచిందనుకుని, డేరా బయట నిప్పు చుట్టూ కూర్చున్నారు. లోపల వాళ్ల నీళ్లు తంతి స్తంభాలకు, అంటే టెలిగ్రాఫ్ స్తంభాలకు, మారకం అయిపోతున్నాయి. పెద్ద పెద్ద మాటలు, రాయబారాలు, విందులు, చివరికి జరిగింది ఇది. ఆ కెప్టెన్ ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. ఎదురుగా ఉన్నది అమర్‌నాథ్.

"ఆ అంకె ఎంతమ్మా?" అంది రజిని మెల్లిగా. "మధ్యలో గీతల్లా ఉన్నాయే, అవి."

"గీతలు కాదు, తెలుగు అంకెలు. రెండు, నాలుగు, ఏడు."

మా అమ్మాయికి ఆ అంకెలు రావు. దాని ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్పలేదు. ఉప్పల్‌లో పాత గ్రామ నక్షాలు ట్రేస్ చేసి చేసి నాకు వచ్చాయి. అమర్‌నాథ్ ముఖం చూశాను. ఆయనకీ రావు. తెలుగు వాక్యాలు మాత్రం చక్కగా వచ్చు. పెద్దలు ప్రమాణం చేశారని, దొర గీకాడని చదివే ఉప్పు దగ్గర కాగితం కత్తిరించాడు.

"నువ్వు ఇదంతా చదివావు" అన్నాను. అప్పటిదాకా మీరు అన్న మనిషిని నువ్వు అన్నానని నాకు తరవాత గానీ తెలియలేదు. "చదివే నాకు పైముక్క ఇచ్చావు."

అమర్‌నాథ్ గ్లవుజులు తీసి టేబుల్ మీద పెట్టాడు. గొంతులో జంకు లేదు. "సరే ఆంటీ, చదివిన. ఏం జేద్దాం ఇప్పుడు? ఆయన పర్సనల్‌గా రాసుకున్న ముచ్చట అది. గవర్నమెంట్ రికార్డ్ కాదు. ట్రీటీ మీద ఇద్దరు ఆఫీసర్లు సైన్ చేసిన్రు. ట్రీటీల 217 ఉంది. అదే లా. లోపల ఏం బేరం చేసుకున్నరో మనకెందుకు? ప్రపంచంల ప్రతి బార్డర్ ఇట్లనే గీసిన్రు. ఏదన్న ఒక్కటి న్యాయంగ గీసింది చూపించున్రి."

"అదే చట్టమైతే ఈ పేజీ దాచడం దేనికి? చూపించి వాదించుకో. గెలిస్తే బావి తీసుకో."

అప్పుడు నిజం చెప్పాడు. "ట్రీటీ ఏం చెప్తదంటే, గీత సర్వేయర్ కొలతల ప్రకారం అని. సర్వేయర్ కొలత వేరే అంటే మొత్తం కేస్ ఓపెన్ అయితది. రెండేండ్ల పని. క్లయింట్ నన్ను బతకనియ్యడు."

"నిన్ను బతకనివ్వరని నలభై కుటుంబాలని బావి దగ్గర్నుంచి లేవగొడతావా?"

"ఎమోషనల్ కాకున్రి. వాళ్లకి కాంపెన్సేషన్ ఇస్తరు."

"వందేళ్ల కిందట వాళ్ల తాతలకు ఏమిచ్చారు?"

"ఆంటీ." ఆయన గొంతు మారింది. "మీరు రజిని గురించి ఆలోచించున్రి. తన గ్రీన్‌కార్డ్ ఫైల్ నా కంపెనీ మీద నడుస్తుంది. బయట బ్యాంకులే మూతపడుతున్నయ్, టీవీల చూస్తలేరా? ఈ టైమ్‌ల తన జాబ్ పోతే ఇల్లు ఖాళీ చేసి సూట్‌కేసులు సర్దుకునుడే. నేను బెదిరిస్తలేను. ఉన్నది చెప్తున్న."

బెదిరించేవాళ్లందరూ చివర ఈ మాటే అంటారు. నేను రజిని వైపు చూశాను. దాని కళ్లు తాళాల మీదే ఉన్నాయి. నాకు దాని మీద కూడా కోపం వచ్చింది. చరిత్ర చదివింది, ఇంతింత లావు పుస్తకాలు రాసింది, నోట్లోంచి ఒక్క మాట రాదేం? పదేళ్ల వయసులో రేషన్ షాపువాడు తక్కువ తూచాడని వాడితో పోట్లాడి వచ్చిన పిల్ల ఇది.

"వంట సామాన్ల జాబితా అని నేను ఎవరికీ చెప్పను" అన్నాను. "ఫోన్ వస్తే ఈ పదిహేడు వరుసలూ చదివి వినిపిస్తాను."

"చెప్పను అంటే ఎట్ల ఆంటీ? ఆల్‌రెడీ చెప్పిన్రు కదా." ఆయన ఫైల్ తెరిచి ఒక కాగితం నా వైపు తోశాడు.

ఇంగ్లీషులో ఒక పేజీ. కళ్లజోడు సర్దుకుని చదివాను. పుస్తకంలోని తెలుగు రాతలన్నిటినీ సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన నేను స్వయంగా చదివానని, అవి వంట సామగ్రి జాబితాలు తప్ప మరేమీ కావని, సరిహద్దుకు సంబంధించిన మాట ఒక్కటీ లేదని, కోరితే ట్రిబ్యునల్ ముందు హాజరై జవాబు చెబుతానని ఉంది. కింద సంతకం. కె. వసంతలక్ష్మి.

ఫోర్జరీ అనుకుందామని చూశాను. కాదు. 'క్ష్మి' దగ్గర నా పెన్ను ఎప్పుడూ కాస్త ఎగురుతుంది. ఇందులోనూ ఎగిరింది. అది నా సంతకమే.

ఎప్పుడు పెట్టానో తెలియడానికి నిమిషం పట్టలేదు. రెండు వారాల కిందట, ఆదివారం మధ్యాహ్నం. నేను బీరకాయ తొక్కు తీస్తున్నాను. రజిని కాగితాల కట్ట తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. నా స్టే పొడిగించడానికి అప్లికేషన్, ఇన్సూరెన్సు, ఇంకేవో. "ఇక్కడ, ఇక్కడ, ఇంకోటి ఇక్కడ అమ్మా" అంది. చెయ్యి తుడుచుకుని, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా పెట్టేశాను. సర్వీసులో ఒక్క నక్షా మీద కూడా మూలమూలా చూడకుండా సంతకం పెట్టని దాన్ని. కన్నకూతురు పెట్టమంది కదాని పెట్టాను.

పద్మనాభం సంతకం మీద దొర అంకె నిలిచింది. నా సంతకం మీద అమర్‌నాథ్ మాట నిలిచింది. ఆయన ఎదుటే కత్తి తీసి గీకారు. నా దగ్గర ఆ శ్రమ కూడా పడలేదు, బీరకాయ తొక్కుల పక్కన కాగితం పెట్టి సంతకం చేయించుకున్నారు.

"రజినీ" అన్నాను. "ఈ కాగితం ఆ కట్టలో పెట్టింది నువ్వేనా?"

"అవునమ్మా."

"చదివే పెట్టావా?"

"చదివాను." తల వంచుకునే అంది. "నువ్వు వంట లిస్ట్ అన్నావు కదా, అదే రాశారనుకున్నాను. అప్పటికి కింద ఇంకా రాత ఉందని తెలీదు. కానీ నీకు చెప్పి పెట్టించాల్సింది. డెడ్‌లైన్ ఉంది, నువ్వు పది ప్రశ్నలు వేస్తావని..."

"వేస్తాను. పది కాదు, వంద వేస్తాను. నా ఉద్యోగమే అది. ప్రశ్నలు వేస్తానని భయపడి తల్లిని మోసం చేశావా?"

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి రాలేదు. వచ్చిందేమో, కోపం కింద పడి కనబడలేదు.

అమర్‌నాథ్ సర్దుబాటు గొంతుతో, "తనని ఏమనకున్రి ఆంటీ, డ్రాఫ్ట్ నాది. అయిపోయింది కదా. ఇంటికి పోయి రెస్ట్ తీసుకోండి" అన్నాడు.

నా పర్సులోంచి పెన్ను తీశాను. నా ముందున్న కాగితం మీద, నా సంతకానికి అడ్డంగా, ఎడమ నుంచి కుడికి ఒకే ఒక గీత గీశాను. పేరు చదవడానికి వీలుగా, సన్నగా. ముప్పై నాలుగేళ్లు గీతలు గీసిన చెయ్యి, గీత తిన్నగా వచ్చింది. పైన తెలుగులో రాశాను. నాకు చూపినది పై నాలుగు వరుసలు మాత్రమే. పేజీలో ఉన్నవి పదిహేడు. నల్లగుట్ట నుండి ౨౪౭. పక్కన వ.ల. అని పొడి అక్షరాలు వేసి, ఆ రోజు తేదీ వేశాను. రబ్బరు విసిరేసిన ఆ కిటికీ గుర్తొచ్చి, శేషగిరి గారికి మనసులోనే ఒక దణ్ణం పెట్టుకున్నాను.

అమర్‌నాథ్ కాగితం చూసి నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "ఆంటీ, ఇది కాపీ. కలర్ ప్రింట్. మీరు సైన్ చేసిన అసలు కాగితం సోమవారమే కొరియర్‌లో పోయింది. ఈ పాటికి ట్రిబ్యునల్ ఫైల్‌ల ఉంటది. దీని మీద ఎన్ని గీతలన్న గీసుకోండి."

పెన్ను నా వేళ్ల మధ్యే ఉండిపోయింది. సోమవారం పోయింది, ఇవాళ బుధవారం. నా పేరుతో ఒక అబద్ధం సముద్రం దాటిపోయింది. గీతపెట్టి కొట్టేద్దామన్నా ఇక నా చేతికి అందదు. పద్మనాభానికి కనీసం పుస్తకం వెనక నాలుగు మాటలు రాసుకునే చోటు దొరికింది.

"పోలేదు" అంది రజిని.

అమర్‌నాథ్ నవ్వు ఆగింది. "ఏంది?"

"కొరియర్ పోలేదు. సోమవారం ప్యాక్ చేసేటప్పుడు పుస్తకం తీసి చూశాను. స్కాన్ కన్నా పేజీ పొడుగ్గా ఉంది. నాకు ఆ పాత రాత సరిగ్గా చదవడం రాలేదు. అంకెలు అసలే అర్థం కాలేదు. అందుకే అమ్మని తీసుకొచ్చాను. తనే చూడాలని." అది మొదటిసారి తలెత్తి నా వైపు చూసింది. "మీకు పంపిన ట్రాకింగ్ నంబర్ వేరే ప్యాకెట్‌ది అమర్ గారూ. అసలు కాగితం నా కార్‌లో ఉంది."

దాన్ని తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో నాకు తెలియలేదు. రెండింటికీ తీరిక లేదు. పుస్తకం నా ఒళ్లో ఉంది, రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. అమర్‌నాథ్ కుర్చీలోంచి లేచాడు. ఆయన చూపు ఎక్కడికి పోయిందో నా చూపూ అక్కడికే పోయింది. కారు తాళాలు టేబుల్ మీద, సమోసాల ప్లేటు పక్కన ఉన్నాయి. మా ఇద్దరికంటే ఆయనకే దగ్గరగా ఉన్నాయి.